పొయ్యి వైపు తిరగని కెమెరా

మాయాబజార్‌లో ఘటోత్కచుడు పెళ్ళివారి కోసం అమర్చిన వంటకాలన్నిటినీ ఒక్కడే ఆరగించే దృశ్యాన్ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. చిన్నప్పుడు మధిర దగ్గరి మా ఊళ్ళో డేరా హాల్లో చూశాను, ఆ తరువాత దూరదర్శన్‌లో చూశాను, ఇప్పుడు రాత్రిపూట నిద్ర పట్టనప్పుడు ఫోనులో చూస్తుంటాను. 1957లో వచ్చిన సినిమా అది. ఎస్.వి. రంగారావు గారు ఆ గదిలోకి వచ్చి, బారులు తీరిన పళ్ళేల మీదుగా చూపు తిప్పి, మాధవపెద్ది సత్యం గారి గొంతుతో ఒక్కొక్క వంటకాన్నీ పేరుపెట్టి పలకరిస్తూ ఉంటే నోరూరని తెలుగువాడు ఉండడు. గారెలు, బూరెలు, అరిసెలు, అప్పడాలు, పులిహోర, దప్పళం, పాయసం, జిలేబీ, లడ్డూ. చాలా ఏళ్ళ తరువాత గాని ఆ వరసలో ఉన్న ఒక విచిత్రం నాకు తోచలేదు. తింటున్నవాడు సాక్షాత్తూ హిడింబి కొడుకు. తింటున్నదేమో ముక్క అన్నమాట లేని శుద్ధ శాకాహారం.

రెండో విచిత్రాన్ని మా అమ్మ పట్టుకుంది. మూడు నాలుగేళ్ళ కిందట సంక్రాంతి సెలవుల్లో టీవీలో ఆ పాట వస్తుంటే, సెనగపప్పు ఏరుకుంటూ కూర్చున్న ఆమె తల ఎత్తి, "ఇంత వంట ఎవరు చేశార్రా?" అని అడిగింది. ఆ విడిది అంతా ఘటోత్కచుడి పరివారం మాయతో సృష్టించినదని, వంటలు కూడా అందులో భాగమేనని చెప్పాను. "అదీ సంగతి. అందుకే గాడిపొయ్యి ఎక్కడా కనపడలేదు" అని మళ్ళీ పప్పు ఏరుకోవడంలో పడిపోయింది.

ఆమె ఆ మాటను వేళాకోళంగానే అన్నదని నాకు తెలుసు. కాని తిండిని గురించి మన సినిమాలు చెప్పే విషయాలన్నిటి మీదా అది నాకు ఒక విమర్శలాగా మిగిలిపోయింది. మన సినిమా విస్తరిని ఎన్నో విధాలుగా చూపింది. అందులో ప్రేమను చూపింది, హోదాను చూపింది, ప్రాంతాభిమానాన్ని చూపింది. గోంగూరను శాకంబరీదేవి ప్రసాదమని, ఆంధ్రశాకమని పొగిడే సంభాషణ కూడా ఆ మాయాబజార్‌లోనే ఉంది. అయితే ఎప్పుడు చూపినా తినేవాడు కూర్చున్న వైపు నుంచే చూపింది. కెమెరా పంక్తిలో ఒక విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది, వడ్డన వస్తుంది, పోతుంది. ఆ వడ్డన వచ్చిన గుమ్మం వైపు మాత్రం అది తల తిప్పదు. మనిషి జీవితంలో తిండికి ఉన్న అర్థమంతా విస్తరిలోనే ఉందనుకుంటే ఇందులో తప్పేమీ లేదు. నేను అలా అనుకోవడం లేదు. ఆ అర్థంలో సగానికి పైగా ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఏ ముక్క ఎవరికి వెళ్ళింది, ఎవరు ఎప్పుడు తిన్నారు అన్న ప్రశ్నల్లో ఉంది. ఆ ప్రశ్నలు వేసిన సినిమాలే తిండిని గురించి నిజం చెప్పాయన్నది నా వాదన.

మా అమ్మతో కలిసి సినిమా చూడడం ఒక రకమైన శిక్షణ. కథానాయిక పట్టుచీర కట్టుకుని, నుదుట చెమట చుక్క లేకుండా, పొయ్యి మీది గిన్నెలో గరిటె తిప్పుతుంటే, "ఆ చప్పుడు వింటే తెలియడం లేదా, గిన్నెలో ఏమీ లేదు" అంటుంది. ఆ మాట విన్నాక మీరు కూడా వినండి, నిజంగానే ఖాళీ గిన్నెకు గరిటె తగిలే చప్పుడు అది. కథానాయకుడికి తల్లి ఆవకాయ కలిపి ముద్దలు పెట్టే దృశ్యం వస్తే, "అంత చల్లారిన అన్నంలో ఆవకాయ ఏం కలుస్తుంది" అంటుంది. అమ్మ చేతి ముద్ద అన్నది మన సినిమాల్లో ఎంత అరిగిపోయిన గుర్తు అంటే, ఊరు నుంచి వచ్చిన కొడుకు కంచం ముందు కూర్చోగానే కళ్ళు చెమర్చడానికి ప్రేక్షకులు సిద్ధమైపోతారు. దానికి ఎదురుగా ఇంకో గుర్తు ఉంది. పాత సినిమాల్లో ప్రతినాయకుడు పొడవాటి బల్ల కొసన కూర్చుని కోడికాలు కొరుకుతూ, ఎవరినో లేపేయమని అనుచరులకు ఆజ్ఞ ఇస్తాడు. మంచివాడికి పెరుగన్నం, చెడ్డవాడికి కోడికాలు. తెలుగువాళ్ళలో అత్యధికులు మాంసం తినేవాళ్ళే అయినా, తెలుగు భోజనం అనగానే తెర మీద పప్పు, నెయ్యి, ఆవకాయ మాత్రమే కనిపించేవి. జొన్న గటక, బోటి కూర, తలకాయ పులుసు, ఎండుచేపలు చాలాకాలం పాటు తెర మీదికి రాలేదు, వచ్చినా నవ్వించడానికే వచ్చాయి. ఘటోత్కచుడికే శాకాహారం పెట్టిన పరిశ్రమ మామూలు మనుషులకు బోటి పెడుతుందని ఎలా ఆశించగలం?

ఆకలి విషయంలో సినిమా కొంత నిజాయితీగా ఉందని ఒప్పుకోవాలి. ఆకలిని చూపడానికి వంటగది అవసరం లేదు కాబట్టి అది సులువు కూడా. చాప్లిన్ 1925లో తీసిన ది గోల్డ్ రష్‌లో మంచులో చిక్కుకుపోయిన ఇద్దరు మనుషులు బూటును ఉడకబెట్టుకుని తింటారు. చాప్లిన్ ఆ బూటు మేకులను కోడి ఎముకలను చప్పరించినట్టు చప్పరిస్తాడు, లేసులను సేమ్యాలా చుట్టుకుంటాడు. ఆకలి ఎంత భయంకరమైనదో, అంత ఆకలిలో కూడా మనిషి మర్యాదగా తినాలని ఎలా తాపత్రయపడతాడో ఆ ఒక్క దృశ్యం చెబుతుంది. మనకు అటువంటిది జంధ్యాల గారి అహ నా పెళ్ళంట (1987). పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు గారు ఎదురుగా కోడిని వేలాడదీసి, దానిని చూస్తూ ఉత్త అన్నం ముద్దలు మింగుతాడు. హాలంతా పడిపడి నవ్వింది, నేనూ నవ్వాను. ఆ కాలంలో మా వాడలో కోడి కూర అంటే పండగకో చుట్టం వస్తేనో వండుకునేది. ఆ వాసన పక్కింట్లోంచి వస్తుంటే ఇంట్లో చారన్నం తిన్నవాళ్ళు హాల్లో నా చుట్టూ ఎందరో ఉన్నారు. లక్ష్మీపతి పిసినారితనానికి నవ్వారో, తమకు బాగా తెలిసిన ఆ భోజనాన్ని గుర్తుపట్టి నవ్వారో నేను చెప్పలేను.

ఇటలీ సినిమా బైసికిల్ థీవ్స్ (1948)లో సైకిలు పోగొట్టుకున్న తండ్రి, కొడుకు బ్రూనోను ఒక హోటలుకు తీసుకువెళతాడు. పక్క బల్ల దగ్గర ఒక డబ్బున్న కుటుంబం కూర్చుని ఉంటుంది, వాళ్ళలో బ్రూనో ఈడు పిల్లవాడు ఒకడు. బ్రూనో తన పళ్ళెంలోని జున్ను తీగల్లా సాగుతుంటే దాన్ని తింటూనే వెనక్కి తిరిగి వాడిని చూస్తాడు, వాడు వీడిని చూస్తాడు. తండ్రి ఆ బల్ల వైపు చూసి, అలా తినాలంటే నెలకు ఎంత సంపాదించాలో చెప్పి, తనకు రావలసిన జీతం లెక్క కట్టడం మొదలుపెడతాడు. ఆకలి తీరుతున్న సమయంలోనే పేదరికం అంతగా కనిపించిన దృశ్యం నేను మరొకటి చూడలేదు. పక్క విస్తరిని చూడడంతోనే తిండికి అర్థం మారిపోతుంది.

ఈ పక్క విస్తరి సంగతి మన వాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అన్న సామెతను పుట్టించిన జాతి మనది. అంత సామెత ఉన్నా, దాన్ని సినిమాగా తీయడానికి 2023 దాకా పట్టింది. వేణు యెల్దండి తీసిన బలగం గురించే చెబుతున్నాను. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఆయనకు తీరని కోరిక ఏదో ఉందని ఊరు గుసగుసలాడుతుంది. ఆ కుటుంబం రెండుగా చీలిపోయి ఏళ్ళు గడిచాయి, కూతురు పుట్టింటి గడప తొక్కలేదు. ఇంతకూ ఆ చీలికకు మూలం ఏమిటంటే నల్లి బొక్క, అంటే మూలుగు ఉన్న ఎముక. భోజనాల దగ్గర అల్లుడికి నల్లి బొక్క పడలేదు, మాట మాట పెరిగింది, అవమానమైందని అల్లుడు లేచిపోయాడు.

హైదరాబాదులో నాతో కలిసి ఆ సినిమా చూసిన ఒక మిత్రుడు, ఒక ఎముక కోసం ఇన్నేళ్ళ పగ నమ్మదగినట్టు లేదని అన్నాడు. అతను పంక్తిలో కూర్చుని పెరగలేదని నాకు అర్థమైంది. మేకను కోసినప్పుడు మెత్తని ముక్కలు అందరికీ వస్తాయి, నల్లి మాత్రం కొద్దిమందికే వస్తుంది. గంజులో గరిటె తిప్పినవాడు చూసి చూసి, పైకి తేలినదాన్ని పక్కకు నెట్టి, అడుగున ఉన్న ఆ ఎముకను తెచ్చి ఒకరి విస్తరిలో వేస్తాడు. వేస్తున్నప్పుడు మాటలతో చెప్పడు గాని, ఈ ఇంట్లో నీ స్థానం ఇది అని అందరి ముందూ ప్రకటిస్తాడు. మూలుగును జుర్రుకోవడంలో ఉన్న రుచి ఆ తరువాతి సంగతి. అల్లుడికి పడనిది ఎముక కాదు, ఆ ప్రకటన. తినడానికి కూర్చున్నవాడు తనకు ఇది కావాలని నోరు తెరిచి అడగకూడదు, అడిగితే చిన్నతనం. అడగకుండానే రావాలి, రాకపోతే అవమానం. ఈ మొత్తం చట్టాన్ని ఎక్కడా ఉపన్యాసంగా చెప్పకుండా ఒక మాంసం ముక్కతో చెప్పగలగడం బలగం సాధించిన విషయం. చివరికి చనిపోయినవాడు కూడా తిండి తినకుండా అలిగాడు చూడండి. మన దగ్గర బతికున్నవాళ్ళ అలకకు మొదటి రూపం అన్నం మానేయడమే కదా.

మా ఇంట్లో జరిగినదాంట్లో నల్లి బొక్క లేదు, పెరుగు ఉంది. మా బాబాయి గృహప్రవేశానికి మా పెద్ద మేనత్త భర్త, అంటే మా మామయ్య, ఏదో పని మీద ఆలస్యంగా వచ్చి మూడో బంతిలో కూర్చున్నాడు. మొదటి బంతికి గరిటెకు గడ్డగా లేచే పెరుగు వడ్డించారు. మూడో బంతికి వచ్చేసరికి అది విస్తరిలో పారింది. పప్పు దాకా ఏమీ అనకుండా తిన్న మనిషి ఆ పెరుగు తన విస్తరి అంచు దాటి చాప మీదికి పోవడం చూసి, విస్తరి మడిచి, చెయ్యి కడుక్కుని, ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కేశాడు. పదకొండేళ్ళు బాబాయి ఇంటి ఛాయలకు రాలేదు. బాబాయి తన కూతురి పెళ్ళికి పిలవడానికి వెళ్ళి గుమ్మంలో నిలబడితే, మామయ్య అన్న మొదటి మాట, "ఈసారైనా పెరుగు తోడు పెట్టిస్తున్నావా?" అని.

మా కుటుంబంలో ఈ కథను మగవాళ్ళు వందసార్లు చెప్పుకుని ఉంటారు. మామయ్య పంతం, బాబాయి నిర్లక్ష్యం, ఆ గుమ్మం దగ్గరి సంభాషణ, అన్నీ అభినయంతో సహా వస్తాయి. బలగం చూసి ఇంటికి వెళ్ళి నేను ఆ కథను ఎత్తినప్పుడు, మా అమ్మ మొదటిసారిగా తన వైపు సంగతి చెప్పింది. ఆ రోజు అనుకున్నదాని కన్నా నలభైమంది ఎక్కువ వచ్చారు. ముందు రోజు రాత్రి తోడు పెట్టినవి నాలుగు కుండలు. రెండో బంతి లేచేసరికి మూడు కుండలు అయిపోయాయి, బయట ఇంకా రెండు బంతుల జనం ఉన్నారు. ఊళ్ళో అడిగితే పూట పాలే తప్ప పెరుగు దొరకలేదు. "నేనే నీళ్ళు పోసి చిలికాను. ఏం చేయమంటావు, కొందరికి పెరుగు పోసి కొందరికి లేదనమంటావా?" అంది. ఆ పదకొండేళ్ళ పగకు కారణం ఎవరి అహంకారమూ కాదు, వంటింట్లో ఒక మనిషి చేసిన భాగహారం. ఆ సంగతి ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నాకు బలగం మీద కూడా ఒక చిన్న ఫిర్యాదు కలిగింది. నల్లి బొక్క ఎవరికి పడిందన్నది ఆ సినిమాలో అందరికీ గుర్తుంది. ఆ కూర ఎవరు వండారో, ఎంతమందికి ఎన్ని కిలోలు వండారో, గంజు అడుగున నల్లి ఇంకా మిగిలి ఉందో లేదో కథకు అక్కర లేకపోయింది. పంక్తిలోని రాజకీయాన్ని అంత చక్కగా పట్టుకున్న సినిమా కూడా పంక్తి దాటి లోపలికి వెళ్ళలేదు.

లోపలికి వెళ్ళిన సినిమాల్లో జనం బాగా మెచ్చినది ది లంచ్‌బాక్స్ (2013). ముంబై డబ్బావాలాలు పొరపాటున ఇళ అనే గృహిణి పంపిన క్యారియర్‌ను భర్తకు బదులు సాజన్ ఫెర్నాండెజ్ అనే భార్య పోయిన గుమాస్తాకు అందిస్తారు. ఆ సినిమాలో నాకు నచ్చినది వాళ్ళ ఉత్తరాల కన్నా ముందు వచ్చే ఒక క్షణం. సాయంత్రం క్యారియర్ తిరిగి వస్తుంది, ఇళ దాన్ని చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా ఉందని తెలుస్తుంది, మూతలు తీస్తే గిన్నెలు ఊడ్చిపెట్టినట్టు ఖాళీగా ఉంటాయి. భర్త రాత్రి ఇంటికి వచ్చి ఆమె అసలు పంపని ఆలూ గోబీ బాగుందని చెప్పేదాకా ఆమె ముఖంలో ఉండే వెలుగును నిమ్రత్ కౌర్ అద్భుతంగా నటించింది. వండినవారికి ముట్టే జీతం ఆ ఖాళీ గిన్నె ఒక్కటే. ఆమె కృతజ్ఞతగా రాసిన చీటీకి సాజన్ ఇచ్చిన మొదటి జవాబు వంటలో ఉప్పు ఎక్కువైందని. మా అమ్మ అక్కడ గట్టిగా నవ్వింది. అయితే ఆ సినిమాలో వంట అంతా ఒక మనిషిని గెలుచుకోవడానికి చేసే వంట. ప్రతి మధ్యాహ్నమూ ప్రేమలేఖ రాసినంత శ్రద్ధగా ఎవరూ వంకాయ కూర చేయలేరు. రోజూ మూడు పూటలా చేసే వంటకు ఆ వెలుగు ఉండదు.

ఇక్కడ మిథునం ప్రస్తావన తప్పదు. శ్రీరమణ గారి కథను తనికెళ్ళ భరణి గారు 2012లో సినిమాగా తీశారు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి అనే వృద్ధ దంపతులు; తెర మీద కనిపించేది వాళ్ళిద్దరే. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు, లక్ష్మి గారు. పెరటి కూరలు, కాఫీ మీద దండకం, ఆవకాయ మీద పాట, తిండి యావ గల ముసలాయన, సణుగుతూనే అన్నీ చేసిపెట్టే ముసలావిడ. ఆ సినిమా అంటే నాకు ఇప్పటికీ ఇష్టం. అప్పదాసు సోమరి కాడు, పెరడు, పాడి, చిల్లర మరమ్మతులు అన్నీ తానే చూసుకుంటాడు. ఆ ఇల్లు ఇద్దరి కష్టంతో నడుస్తుంది, కాబట్టి అది అన్యాయపు కాపురమని అనలేను. కాని కథ చివర బుచ్చిలక్ష్మి కోరిక ఏమిటో గుర్తు చేసుకోండి. పసుపు కుంకాలతో పోవాలని మన ఆడవాళ్ళు కోరుకుంటారని అందరూ అనుకునే చోట, భర్తే ముందు పోవాలని ఆమె అనుకుంటుంది, తాను ముందు పోతే ఆయనకు చేసిపెట్టేవాళ్ళు ఉండరు కాబట్టి. మొదటిసారి చదివినప్పుడు ఆ మాటకు నేను ఏడ్చాను. యాభై దాటాక మళ్ళీ చదివితే ఒళ్ళు జలదరించింది. ఒక మనిషి తన చావును ఎదుటి మనిషి భోజనాన్ని బట్టి ముందుకో వెనక్కో జరుపుకోవడం ఎంత గొప్ప ప్రేమో, అంత గొప్ప వెట్టి కూడా. శ్రీరమణ గారు ఆ రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టగలిగారు. సినిమా చూసి వచ్చిన మనం మాత్రం ప్రేమను మటుకు ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నాం.

మగవాడు గరిటె పడితే కథ ఇంకోలా ఉంటుంది. మిడిల్ క్లాస్ మెలోడీస్ (2020)లో రాఘవ తన బొంబాయి చట్నీ మీద నమ్మకంతో కొలకలూరు నుంచి గుంటూరు వెళ్ళి హోటలు పెట్టాలనుకుంటాడు. సెనగపిండితో చేసే ఒక సాదా చట్నీని కథకు కేంద్రంగా పెట్టుకోవడం నాకు ఎంతో నచ్చింది. అలాగే మలయాళంలో ఉస్తాద్ హోటల్ (2012) కోళికోడ్ బిర్యానీ వండే తాతను, అతని మనవడిని చూపి ఎంతోమందిని కదిలించింది. రెండూ మంచి సినిమాలే. వాటిలో వంట అంటే విద్య, వ్యాపారం, ఆశయం, వారసత్వం. అదే బొంబాయి చట్నీని ముప్పై ఏళ్ళు ఇంట్లో చేసిన మనిషికి అది పొద్దున్న ఎనిమిదిలోపు పూర్తి కావలసిన పని.

ఆ పనిని పనిగా చూపడానికి ఎంత ఓర్పు కావాలో బెల్జియం దర్శకురాలు షాంతాల్ ఆకెర్మాన్ 1975లో తీసిన జాన్ దీల్మాన్ చూస్తే తెలుస్తుంది. మూడు గంటలు దాటిన ఆ సినిమాలో ఒక వితంతువు మూడు రోజుల దినచర్య ఉంటుంది. ఆమె బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే కెమెరా కదలదు, మనల్ని కదలనివ్వదు. రెండో రోజు దుంపలు మరీ ఎక్కువ ఉడికిపోతాయి. అంతే, మనకు గుండె జారినట్టవుతుంది, ఆమె బతుకులో ఏదో తప్పిపోతోందని అర్థమవుతుంది. దుంపలు మెత్తబడడం ఒక కథలో ప్రమాదం కాగలదని నేను అంతకు ముందు ఎరగను. 2022లో బ్రిటిష్ పత్రిక సైట్ అండ్ సౌండ్ అన్ని కాలాల్లోకీ గొప్ప సినిమాలు ఏవని ప్రపంచంలోని విమర్శకులను అడిగితే, ఆ సినిమాకే అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి.

మన దక్షిణాదిలో ఆ ఓర్పు చూపినవాడు మలయాళ దర్శకుడు జియో బేబీ. ఆయన ది గ్రేట్ ఇండియన్ కిచెన్ 2021 జనవరిలో నీస్ట్రీమ్ అనే చిన్న ఆన్‌లైన్ వేదిక మీద విడుదలైంది; పెద్ద వేదికలు మొదట దాన్ని వద్దన్నాయి. కొత్త కోడలు, భర్త, మామగారు. ఎవరికీ పేర్లు లేవు. మొదట్లో వంటకాలు నోరూరేలా కనిపిస్తాయి, నూనెలో వేగేవి, ఆవిరి కక్కేవి. ఆ తరువాత కెమెరా అవే వంటకాలను తిన్నాక చూపడం మొదలుపెడుతుంది. నమిలి బల్ల మీద ఉమ్మిన మునక్కాడల పిప్పి, కంచం అంచున ఎండిన మెతుకులు, సింకులో అడ్డుపడిన చెత్త, కింద కారుతున్న పైపు. మామగారు మంచివాడే, గొంతు పెంచడు. అన్నం మాత్రం కట్టెల పొయ్యి మీద వండాలంటాడు, పచ్చడి రోట్లోనే రుబ్బాలంటాడు. రుచి అన్న మాట వెనక ఎవరి మోచేతులు అరుగుతున్నాయో ఇంత సౌమ్యంగా చెప్పిన సినిమాను నేను చూడలేదు. ఒక రోజు హోటల్లో భర్త పిప్పిని పద్ధతిగా ఒక పక్కన పెట్టడం చూసి, బయట మర్యాదలు తెలుసే అని ఆమె నవ్వుతుంది. ఆ నవ్వుకు ఆమె చేత క్షమాపణ చెప్పిస్తాడు.

ఈ సినిమా అతిశయోక్తి అని, అందరు మగవాళ్ళూ అలా ఉండరని చాలామంది రాశారు. దర్శకుడు కోరిందే అది అనుకుంటాను. ఆ భర్త కొట్టడు, తాగడు, కట్నం అడగడు. బడిలో పాఠాలు చెబుతాడు. అతిశయోక్తి ఎక్కడుందో వెతికితే పునరావృతిలో తప్ప దొరకదు, ఆ పునరావృతి జీవితంలో ఇంకా ఎక్కువ. సినిమా చూసిన మర్నాడు నేను మునక్కాడ పిప్పిని బుద్ధిగా కంచంలోనే పెట్టాను. మా ఆవిడ ఏమీ అనలేదు. రెండు వారాల తరువాత ఒక రాత్రి బల్ల తుడుస్తూ, "మొదటి నాలుగు రోజులే పెట్టావు" అంది.

ఆ సినిమాను మా అమ్మతో కూడా చూశాను. మలయాళం ఆమెకు రాదు, కింద అక్షరాలు చదివే ఓపిక లేదు, నేను పక్కన కూర్చుని మాటలు చెబుదామనుకున్నాను. పెద్దగా చెప్పవలసింది రాలేదు. ఖాళీ గిన్నె చప్పుడు గురించి, చల్లారిన అన్నం గురించి ఆమె ఒక్క వ్యాఖ్యా చేయలేదు. చట్నీ రుబ్బేటప్పుడు ఒకసారి ముందుకు వంగి చూసింది. సింకు పైపు కారడం మొదలై, కోడలు మనిషిని పిలిపించమని భర్తకు చెబితే అతను మరిచిపోవడం, ఆమె మళ్ళీ చెప్పడం, అతను మళ్ళీ మరిచిపోవడం జరుగుతుండగా, తెర మీంచి చూపు తిప్పకుండానే, "మన పాతింట్లో అది ఆర్నెల్లు కారింది, గుర్తుందా?" అని అడిగింది.

నాకు గుర్తు లేదు. ఆ ఇంట్లో నేను పదహారేళ్ళు ఉన్నాను. మామిడి చెట్టు ఏ వైపు ఉండేదో, నాన్న రేడియో ఏ గూట్లో ఉండేదో చెప్పగలను. వంటింటి తూము కింద నీళ్ళు కారేవని, అక్కడ ఎవరో రోజూ గుడ్డ పిండేవారని నాకు ఎంత ఆలోచించినా జ్ఞాపకం రాలేదు. లేదని చెప్పాను. ఆమె తల ఊపింది.

సినిమా ఇంకా అరగంట ఉందనగా అమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. అసలు ఘట్టం ఇప్పుడే వస్తుంది, కూర్చోమన్నాను. "నువ్వు చూడు, నేను మినపప్పు నానబెట్టి వస్తాను. పొద్దున్న నీకు ఇడ్లీలోకి కావద్దూ" అని లోపలికి వెళ్ళింది.